తెల్లపొట్ట పెళ్ళికొడుకు

సత్యదుర్గకి కోపం వస్తే చీపురు పట్టుకుంటుంది. ఎవరినీ కొట్టడానికి కాదు, ఊడవడానికి. సంతోషం వచ్చినా అదే పని. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని నా కుట్టు షాపుకి వస్తుంది. కూర్చునేలోపే మిషను కింద గుడ్డముక్కలన్నీ ఎత్తేసి, గోడ మూలల్లోకి చూసి, "వదినా, ఇది షాపా, సాలీళ్ళ సత్రమా?" అంటుంది. మాది పాలకొల్లు, ఆవిడది మలికిపురం. మధ్యలో ఒక్క గోదావరి పాయ అడ్డం. ఆ లెక్కన వదినా మరదళ్ళమైపోయాం. వయసులో ఆవిడే పెద్ద. అయినా వదినా అని పిలిస్తే దెప్పే హక్కు వస్తుందని నన్నలాగే పిలుస్తుంది.

గల్ఫుకి ఇంటిపనికి వచ్చిన ఆడమనిషి గురించి అనగానే చదివేవాళ్ళు ముందే రుమాలు తీస్తారు. మడిచి లోపల పెట్టుకోండి. సత్యదుర్గ కష్టాలు పడలేదని కాదు. మొదట చేరిన ఇంట్లో నిద్రకే కరువు. కానీ బుదైయాలో ఇప్పుడున్న ఇల్లు ఆవిడకి పట్టుచీరకి జాకెట్టు కుదిరినట్టు కుదిరింది. ఇంటి పెద్దాయన్ని బాబా అంటుంది, ఆయన భార్యని మామా అంటుంది. "మా ఊళ్ళో మామంటే మీసాలుంటాయి. ఈవిడకేమో వేలికి మూడు ఉంగరాలు" అని ఆ మామా ముందే తెలుగులో చెప్పి నవ్వుతుంది. ఆవిడకి అర్థం కాకపోయినా తనూ నవ్వుతుంది.

ఆ ఇంటి వెనక ఖర్జూరం చెట్ల నీడలో ఒక వలగది ఉంది. నాలుగు పక్కలా సన్నటి ఇనుప వల, లోపల పూలమొక్కలు. ఉద్యోగం మానేశాక బాబా ముచ్చటపడి కట్టించుకుని, ఆఫ్రికా తేనెపిట్టల్ని పెంచాడు. మోకాళ్ళు మొరాయించాక ఆ పని సత్యదుర్గ చేతికొచ్చింది. మొదట్లో ఊడవడానికి వెళ్ళేది. తర్వాత తేనెనీళ్ళు కలపడం, అరటిపండు డబ్బాలో కుళ్ళబెట్టి చిన్న ఈగల్ని పెంచడం నేర్చుకుంది. తేనెపిట్ట ఉత్త తీపి మీద బతకదట, దానికీ కూరలో నంజుడు కావాలట. ఆ డబ్బా వాసనకి మామా ముక్కు మూసుకుని, ఈ ఇంట్లో నాకంటే ఈగలకే మర్యాద ఎక్కువ అనేది.

నేను ఒకసారి వెళ్ళి చూశాను. గుప్పెట్లో పెట్టుకుంటే మిగిలిన చోటులో ఇంకోటి పట్టేంత పిట్టలు. మగదాని తల, వీపు ఎండ పడ్డప్పుడు నీలం, పక్కకి తిరిగితే ఆకుపచ్చ. రొమ్ము మీద వంకాయరంగు పట్టీ. కిందికొస్తే పొట్టంతా నిమ్మపండు పసుపు. ఆడది మాత్రం మట్టిరంగు నేతచీర కట్టుకుని పనిలోకి దిగినట్టుంటుంది. ఆడదానికి సత్యదుర్గ బేబి అని పేరు పెట్టింది. మగవాడు రాజావారు.

పోయిన ఎండాకాలం రాజావారు ముసలితనంతో పోయాడు. బేబి ఒక్కతే మిగిలింది. పాటా లేదు, పరుగూ లేదు, ఒక కొమ్మ మీద ముడుచుకుని కూర్చునేది. అదే అదనుగా బాబా కొడుకు, ఉన్న ఒక్క పిట్టని ఎవరికైనా ఇచ్చేసి ఆ స్థలంలో కార్లకి షెడ్డు వేద్దామన్నాడు. బాబాకి మనసొప్పలేదు, కాదనడానికి మాటా దొరకలేదు. చివరికి రాజీకొచ్చారు. ఇంకొక్క మగపిట్టని తెస్తారు. డిసెంబరులో ఈ దేశపు జాతీయ పండగ సెలవులు అయ్యేలోగా బేబి జత కట్టి గూడు మొదలుపెడితే వలగది ఉంటుంది. లేకపోతే షెడ్డు.

ఆ శుక్రవారం షాపులో చీపురు ముట్టకుండా కూర్చుంది సత్యదుర్గ. అప్పుడే నాకు భయం వేసింది.

"ఆ గది తీసేత్తే నేనూ ఖలాసే వదినా. టికెట్టు కొట్టించుకుని పోతాను."

"మంచిదేగా. ప్రసన్న ఎప్పట్నుంచో రమ్మంటోంది" అన్నాను. రాజోలులో కాపురం ఉంటున్న ఆవిడ ఒక్కగానొక్క కూతురు లక్ష్మిప్రసన్న, ఫోనెత్తితే ఎప్పుడొస్తావనే అడుగుతుంది.

"మంచిదే. కాదన్నానా? అక్కడ కుర్చీ వేసి కూచోబెడతారు. నేను కూచోలేను. ఇక్కడైతే పొద్దున్నే తలుపు తీయగానే అది నావంక చూత్తాది. ఈ పని నాదీ అని చెప్పుకోడానికి ఇన్నేళ్ళకి ఒకటి దొరికింది. అంతే." అని ముక్కు చీదుకుంది. నేను మిషను తొక్కుతూ కూర్చున్నాను.

కొత్త మగపిట్ట వచ్చింది. చిన్న పంజరంలో పెట్టి తెచ్చి, కొత్త చోటు అలవాటయ్యేదాకా అందులోనే ఉంచమన్నాడు అమ్మినతను. పంజరాన్ని వలగదిలో ఒక కొమ్మకి తగిలించి, సత్యదుర్గ పైన కప్పిన గుడ్డ తీసి చూసింది. తల నీలమే. రొమ్ము వంకాయరంగే. పొట్ట మాత్రం తెల్లగా, సున్నం కొట్టినట్టుంది.

"అయ్యో నా తండ్రీ, పాలిపోయాడు!" అంది. విమానం పడక రక్తం విరిగిపోయిందని తేల్చేసింది.

తోటపని చేసే ముత్యం అక్కడే ఉన్నాడు. అతనిది జగిత్యాల వైపు. ఆ ఇంట్లో తెలుగు వచ్చిన రెండో మనిషి అతనే కాబట్టి ఇద్దరూ రోజూ పోట్లాడుకోక తప్పదు. నీది వెలిసిపోయిన తెలుగు అని ఈవిడ, నీది నీళ్ళు గలిపిన తెలుగు అని అతను.

"పాలిపోవుడు గాదక్కా. మోసం జేసిండ్రు. గిది వేరే జాతి పిట్ట. రెంటిని ఒక్కకాడ ఇడిస్తే కొట్టుకొని సస్తయి. నువ్వు మాత్రం గా పంజరం తలుపు తియ్యకు."

"నీకేం తెలుసు పిట్టల గురించి?"

"కోళ్ళను సాదినోణ్ణి. నాకు తెల్వదా?"

ఇద్దరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఒకరికి రోగం కనిపిస్తే ఇంకొకరికి మోసం కనిపించింది. బాబా కూడా పసుపు పొట్టే కావాలన్నవాడు కాబట్టి అమ్మినతనికి ఫోన్ చేసి తిట్టాడు. అతను రెండూ ఒకటే పిట్టని ఒట్టు పెట్టాడు. సరుకు అమ్మేవాడి ఒట్టుని ఎవరు నమ్ముతారు? సెలవులు అయ్యాక వెనక్కి పంపేద్దాంలే అని బాబా నిట్టూర్చాడు.

ఆ నిట్టూర్పు విన్నాక సత్యదుర్గ ఊరుకోలేదు. మనవాళ్ళకి ఏ జబ్బు వచ్చినా, ఏ శుభం వచ్చినా ముందు గుర్తొచ్చేది పసుపే. ఇక్కడ రెండూ కలిసొచ్చాయి. పిట్ట చూడబోతే పాలిపోయింది, పైగా పెళ్ళికొడుకు. పెళ్ళివారింట చేసే పనులన్నీ వరసపెట్టి చేసేసింది. బూజుకర్ర కట్టి వలగది మూలమూలలా దులిపింది, ఒక్క దారప్పోగు మిగల్లేదు. నీళ్ళు చల్లి కడిగింది. ఆ తర్వాత పంజరంలో కాసిని ఆకులు వేసి, వాటి మీద ఊరి పసుపు కలిపిన నీళ్ళు చిలకరించింది. తేనెపిట్టలు తడి ఆకుల్లో దొర్లి స్నానం చేస్తాయి, ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు.

పెళ్ళికొడుకు ఇష్టంగా నలుగు పెట్టించుకున్నాడు. దొర్లి దొర్లి లేచేసరికి పొట్ట పసుపుపచ్చ.

సాయంత్రం బాబా కర్ర ఊతంతో వచ్చి చూసి కళ్ళు పెద్దవి చేశాడు. జబ్బు తగ్గిందన్నాడు, దేవుడికి దండం పెట్టుకున్నాడు, మామాని పిలిచి చూపించాడు. సత్యదుర్గ పక్కన నిలబడి వినయంగా తల దించుకుంది. వైద్యం ఫలించిందని ఆవిడా నిజంగానే నమ్మింది మరి.

మర్నాడు గాలి తిరిగి చలి పట్టింది. పొద్దున్నే ఆవిడ వెళ్ళేసరికి పిట్ట పంజరం అడుగున కూర్చుని వణుకుతోంది. పసుపు ముద్దకట్టి ఈకలు అతుక్కుపోయాయి. పొట్ట మీద అక్కడక్కడా పసుపు, అక్కడక్కడా తెలుపు, మాసిన పంచెలా ఉంది. సత్యదుర్గ ముత్యాన్ని కేకేసింది.

అతను ఒక్క మాట అనలేదు. అంటే కొంచెం తేలిగ్గా ఉండేదని తర్వాత నాతో అంది. గోరువెచ్చటి నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి, పిట్టని తన మొరటు చేతిలో పట్టుకుని, ఒక్కో ఈకా విడదీస్తూ తుడిచాడు. తోటలో రాత్రిళ్ళు వాడే దీపం తెచ్చి పంజరం పక్కన పెట్టాడు. ఆవిడ తేనెనీళ్ళ గొట్టం ముక్కు దగ్గర పట్టుకుని, తాగు నాన్నా, తాగు, నా బుద్ధి గడ్డి తిన్నది అంటూ కూర్చుంది. మధ్యాహ్నానికి పిట్ట ఒళ్ళు విదిలించుకుని కొమ్మెక్కింది. అప్పుడు గానీ ముత్యం నోరు విప్పలేదు.

"అక్కా, రేపు దానికి మిరపకాయలు గిట్ట దిగదుడుస్తవా ఏంది?"

అప్పటికే బాబాకి సంగతి తెలిసింది. పసుపు డబ్బా వలగదిలోనే మరచిపోయింది కదా. తిడతాడని సత్యదుర్గ గుమ్మంలో నిలబడితే, ఆయన డబ్బా మూత తీసి వాసన చూసి, నవ్వడం మొదలుపెట్టి దగ్గొచ్చేదాకా నవ్వాడు. పిట్టకి పసుపు పట్టించావు, ఇక బిర్యానీలో వెయ్యడమే తరువాయి అన్నాడు. కానీ నవ్వు ఆగాక ఆయన ముఖం దిగులుగానే ఉంది. పొట్ట తెల్లగా ఉంది, వేరే జాతి, ఇక జతేం కుదురుతుంది?

తేల్చింది హలీమా. పక్కింట్లో పసిపిల్లని ఆడించడానికి కెన్యా నుంచి వచ్చింది. సాయంత్రాలు పాపని ఎత్తుకుని పిట్టల్ని చూపించడానికి వస్తుంటుంది. ఆ రోజు పంజరం వైపు చూడగానే, వీడెవరు, మా పుట్టింటివాడు ఇక్కడికెలా వచ్చాడు అని అరబ్బీ, హిందీ కలిపి అడిగింది. ఈ మచ్చలేంటని కూడా అడిగింది. సత్యదుర్గ చెప్పక తప్పలేదు.

హలీమా నేల మీద కూలబడి నవ్వింది. ఆ తర్వాత చెప్పింది. ఆమె పుట్టింది ఉత్తరాన ఎండదేశంలో, అక్కడ ఈ పిట్ట పొట్ట తెలుపు. అత్తగారిది కొండలవైపు, వానలు పడే పచ్చటి ఊరు, అక్కడ ఇదే పిట్టకి పొట్ట పసుపు. ఆమె మొగుడు లారీ తోలుకుని ఉగాండా దాకా వెళ్ళేవాడు, అటువైపు వాటికి రొమ్ము కింద నిప్పుకణికల్లా నారింజరంగు కూడా ఉంటుందట. మనిషికి యాస మారినట్టు పిట్టకి పొట్ట మారుతుంది, అంతే, పిట్ట ఒక్కటే.

"కాపురానికెళ్ళిన కొత్తలో అత్తగారు అనేది, మీ ఊరి పిట్టలకి కూడా తిండి సరిగ్గా పెట్టరా, అలా వెలిసిపోయాయేంటని. మీ ఊరివే కూరగిన్నెలో పడి లేచాయి అని నేననేదాన్ని" అంది హలీమా.

ముత్యం సత్యదుర్గ వైపు చూశాడు. ఆవిడ పైకప్పు వైపు చూసింది. వెలిసిపోయింది అన్న మాట ఆ పెరట్లో అంతకుముందు ఎన్నిసార్లు వాడారో ఇద్దరికీ తెలుసు. అయినా ముత్యం అనుమానం పోలేదు. బేబికి మాత్రం గీ ముచ్చట తెల్వాలె గదా అన్నాడు.

బేబికి ఎప్పుడో తెలుసు. పంజరంలోంచి మగవాడు పాట ఎత్తుకోగానే ముడుచుకున్న పిట్ట కాస్తా పంజరం మీద వాలి రెక్కలు విదిలిస్తోంది. రోగమా మోసమా అని ఈ పెద్దమనుషులు తగువులో ఉండి దాని వంక ఎవరూ చూడలేదు. వదిలి చూద్దామంటే బాబా సరేనన్నాడు. పంజరం తలుపు ముత్యమే తీశాడు. కొట్టుకు చస్తాయేమోనని చేతిలో తువ్వాలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. అవి కొట్టుకోలేదు. ఒకే పువ్వు దగ్గరికి రెండూ వెళ్ళాయి, అంతే.

పెళ్ళి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అన్నారు. పెళ్ళి అయింది. ఇల్లే లేవడం లేదు. బేబి గడ్డిపోచ తెచ్చి కొమ్మకి ఆనించేది, అది జారి పడేది. మళ్ళీ తెచ్చేది, మళ్ళీ పడేది. సెలవులు వచ్చేశాయి, వీధులన్నీ ఎరుపు తెలుపు దీపాలతో నిండిపోయాయి. బాబా కొడుకు షెడ్డు మనిషికి ఫోన్ చేశాడు, సెలవులవగానే కొలతలకి రమ్మని. సత్యదుర్గ దూది పెట్టింది, నా షాపు నుంచి దారాలు పట్టుకెళ్ళింది, కొబ్బరిపీచు వేసింది. బేబి వాటిని ముట్టుకుని వదిలేసేది. పొద్దస్తమానం వలగది మూలలు వెతుకుతూ, ఖాళీ వలని ముక్కుతో పొడుస్తూ తిరిగేది.

శుక్రవారం నా దగ్గర కూర్చుని ఇదంతా చెప్తూ, అలవాటు కొద్దీ బూజుకర్ర తీసి నా షాపు మూలకి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. కర్రకి చుట్టుకున్న సాలెపట్టుని వేళ్ళతో తీసి, లాగి, అంటించి, మళ్ళీ లాగి చూసింది.

"వదినా, ఓ వదినా! దానికి జిగురు లేదు. రాజావారున్నప్పుడు వలగది మూలల్లో ఇదే పీక్కునేది. నేనే కదా దులిపి పారేశాను!"

అతికించుకోవడానికి సాలెపట్టు లేకుండా తేనెపిట్ట గూడు కట్టలేదు. పెళ్ళింటి శుభ్రం పేరు చెప్పి పెళ్ళికూతురి ఇల్లు ఈవిడే పీకేసింది. నాకు నవ్వాగలేదు, ఆవిడ మాత్రం ఏడుపూ నవ్వూ కలిపేసింది. నా షాపులో ఉన్న బూజంతా పత్తి తీసినట్టు జాగ్రత్తగా తీసి కాగితం సంచిలో వేసుకుని, టీ కూడా తాగకుండా బస్సెక్కింది. నన్ను అన్నేళ్ళు దెప్పిన మనిషి నా దగ్గర బూజు దానం పట్టిందని నేను ఇప్పటికీ నలుగురిలో చెప్పుకుంటాను.

అది చాల్లేదు. ముత్యం గది ఉంది కదా, తోట చివర. ఆ గది ముందునుంచి పోతూ ఈవిడ ఏనాడూ ముక్కు విరవకుండా పోలేదు. ఇప్పుడు గుమ్మంలో నిలబడింది.

"తమ్ముడూ, నీ గదిలో బూజుందా?"

"ఎందుకుండదక్కా? ఏ మూలది గావాలె?" అన్నాడు ముత్యం. దొడ్లో గుమ్మడికాయలు చూపించినట్టు మంచం కిందా, కిటికీ వెనకా, ఫ్యాను మీదా అంతా చూపించాడు. ఇద్దరూ కలిసి ఎండిన కొమ్మలకి ఆ పట్టంతా చుట్టి వలగదిలో గుచ్చారు. సాలీళ్ళని కూడా సీసాలో పట్టి తెచ్చి వదిలాడు ముత్యం. సత్యదుర్గ ఆ పక్కకి చీపురు తీసుకెళ్ళకూడదని తనమీద తనే ఒట్టేసుకుంది.

షెడ్డు మనిషి టేపు పట్టుకుని వచ్చిన పొద్దున బాబా కొడుకు ముందు నడిచాడు, బాబా వెనకాల. సత్యదుర్గ వలగది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అంత ధైర్యం అంతకుముందు ఆ ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదు. వేలితో లోపలికి చూపించింది. మందారం కొమ్మ చివర గుప్పెడంత సంచి వేలాడుతోంది, ఎండుటాకులు, పీచు, నా షాపు బూజు, ముత్యం గది బూజు. పక్కనున్న చిన్న కంతలోంచి బేబి ముక్కు మాత్రం బయటికి ఉంది. తెల్లపొట్ట పెళ్ళికొడుకు పై కొమ్మ మీద కూర్చుని గొంతు చించుకుంటున్నాడు.

బాబా కొడుకు చాలాసేపు చూశాడు. అతనికి ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ళకి చూపించాలని ఫోను తీశాడు. ఫోను లోపల పెట్టుకుంటూ, షెడ్డు గేటు పక్కన వేద్దాం, యల్లా, పద అని టేపు మనిషిని అటు తీసుకుపోయాడు. బాబా కర్రతో నేలని రెండుసార్లు కొట్టి, సత్యదుర్గ తల మీద చెయ్యి పెట్టాడు. ముత్యం నీళ్ళ గొట్టం పట్టుకుని ఎటో చూస్తూ నిలబడ్డాడట, కళ్ళల్లో దుమ్ము పడిందని చెప్పాడట. తోటంతా తడిసి ఉంటే దుమ్మెక్కడిది?

ఆ శుక్రవారం మిఠాయి పెట్టెతో వచ్చింది. కూతురికి నా ముందే ఫోను చేసి, స్పీకరు పెట్టి, పసుపు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పింది. లక్ష్మిప్రసన్న అవతల పకపకా నవ్వింది.

"అయితే ఎప్పుడొత్తన్నావే అమ్మా?"

"ఇప్పుడెలా కుదురుద్దే? గుడ్లు పెట్టింది. పిల్లలు ఎగిరేదాకా పురుడు చూసుకోవద్దా? దానికి మాత్రం ఎవరున్నారు?"

అవతల నవ్వు ఆగింది. "నా రెండు పురుళ్ళకీ రాలేదు నువ్వు" అంది ప్రసన్న.

నేను మిషను తొక్కడం ఆపేశాను. సత్యదుర్గ మిఠాయి పెట్టె మూత తీసి పెట్టింది, పెట్టి తీసింది.

"రాలేదమ్మా. పంపలేదు అప్పుడా ఇంట్లో. బాత్రూములో కూచుని ఏడిచాను. నీకు చెప్పలేదు."

అటు వంటింట్లో గిన్నె ఎవరో పక్కకి జరిపిన చప్పుడైంది.

"చల్లగాలి తగలనివ్వకు దానికి" అంది ప్రసన్న. "పిల్లలు కళ్ళు తెరిచాక నాకు చూపించు. చూపించి, టికెట్టు తీసుకో. ఆ ముత్యమన్నకి చెప్పి రా, ఓ నెల చూసుకుంటాడు. నెలే, నిన్ను కుర్చీలో కూచోబెట్టను, ఒట్టు."

"ఏం చేయిత్తావే మరి?" అంది సత్యదుర్గ, కొంగుతో ముఖమంతా తుడుచుకుంటూ.

"ఇంటినిండా బూజే" అంది కూతురు.